మధురపూడి నుంచి విమానంలో పూలు, మొక్కలు పంపాలంటే ఎలా?

నమస్కారం. మాది కడియం పక్క ఊరు, చిన్న నర్సరీ. మధురపూడిలో ఉన్న రాజమండ్రి విమానాశ్రయంలో రన్‌వే పొడిగించారు, పెద్ద టెర్మినల్ పనులు చేపట్టారు. 2024 డిసెంబరులో ముంబై, ఢిల్లీలకు నేరుగా విమానాలు మొదలయ్యాయి. చిన్న ఏటీఆర్ విమానాల కంటే పెద్ద ఎయిర్‌బస్ విమానాల కింది అరల్లో సరుకుకు చోటు బాగా ఎక్కువ కదా. ఆ చోటు మా ప్రాంతానికి పనికి రావాలన్నదే నా ఆశ.

కడియపులంకలో తెల్లారకముందే కోసిన మల్లెమొగ్గ సాయంత్రానికల్లా విచ్చుకుంటుంది. లారీలో దూరం పంపితే రేటు పలకదు. అదే రోజు ఢిల్లీ చేరితే కోసేవాళ్లకు, మాలలు కట్టే ఆడవాళ్లకు, ప్యాకింగ్ చేసే కుర్రాళ్లకు ఏడాదంతా పని ఉంటుంది. నాకు టెర్మినల్ అందం కన్నా ఇదే ముఖ్యం.

చిన్న విమానాశ్రయాల నుంచి పూలు పంపిన అనుభవం ఉన్నవాళ్లు దయచేసి చెప్పండి. రైతే నేరుగా బుక్ చేసుకోవచ్చా, ఏజెంటు తప్పనిసరా? మట్టి ఉన్న మొక్కలు తీసుకుంటారా? ఐస్ ప్యాకులు పెట్టనిస్తారా? నలుగురైదుగురు రైతులం కలిసి పంపితే కిలోకు ఖర్చు తగ్గుతుందా?