దిగంతం దగ్గర చంద్రుడు పెద్దగా కనిపించడానికి సరైన వివరణ ఏది?

దిగంతం దగ్గర నిండు చంద్రుడు పెద్దగా కనిపించడానికి వాతావరణం భూతద్దంలా పనిచేయడమే కారణమని చాలామంది చెబుతారు కానీ, ఆ వివరణ నిలబడదు. నడినెత్తిన ఉన్నప్పుడూ దిగంతం దగ్గర ఉన్నప్పుడూ ఒకే కటకంతో ఫొటో తీసి కొలిస్తే చంద్రబింబం వెడల్పు దాదాపు అర డిగ్రీయే ఉంటుంది. వక్రీభవనం (గాలి పొరల్లో కాంతి వంగడం) వల్ల దిగంతం దగ్గర బింబం నిలువుగా కాస్త అణిగినట్టు అవుతుందే తప్ప పెరగదు. పైగా ఉదయించే చంద్రుడు మనకు దాదాపు భూవ్యాసార్ధమంత, అంటే సుమారు 6,400 కిలోమీటర్లు, ఎక్కువ దూరంలో ఉంటాడు కనుక నిజానికి ఒకటిన్నర శాతం చిన్నగానే కనిపించాలి.

కాబట్టి ఇది మెదడు కల్పించే భ్రమేనని ఒప్పుకుంటాను. నా సందేహం అక్కడి నుంచే మొదలవుతుంది. దిగంతం నడినెత్తి కంటే దూరమని మనం భావిస్తామని, అందువల్ల అదే కోణీయ పరిమాణం (కంటి దగ్గర బింబం చేసే కోణం) ఉన్న బింబాన్ని పెద్దదిగా లెక్కగడతామని అంటారు. అదే నిజమైతే, ఆ పెద్ద చంద్రుడు దగ్గరగా ఉన్నట్టు అనిపిస్తున్నాడనే చాలామంది ఎందుకు చెబుతారు? చెట్లతో, భవనాలతో పోలిక వల్లనే అనుకుందామంటే, ఏ అడ్డూ లేని సముద్రం మీద కూడా ఈ భ్రమ కలుగుతుంది. వంగి కాళ్ల మధ్య నుంచి తలకిందులుగా చూస్తే (నవ్వకండి, ఇది పాత ప్రయోగమే) భ్రమ తగ్గుతుందని కూడా అంటారు. దృష్టి మనస్తత్వశాస్త్రం చదివినవారు ఈ వైరుధ్యాన్ని ఎలా పరిష్కరిస్తారో దయచేసి వివరించగలరా?