‘దాపల’ అంటే ఎడమా, దగ్గరా?

దేవరకొండ నుంచి:
పోతన గజేంద్రమోక్షంలోని “అల వైకుంఠపురంబులో నగరిలో నా మూల సౌధంబు దాపల మందారవనాంతర…” పద్యం నాకు చెవిలో మోగుతుందే తప్ప, కళ్లు మూసుకుంటే సౌధమూ సరస్సూ ఏవీ కనబడవు. మా బడిలోని తెలుగు మేడంగారికి మాత్రం చంద్రకాంతశిల మెరుపుతో సహా కనబడుతుందట. ‘దాపల’ అంటే దగ్గర అని చదివినట్టు గుర్తు; ఆమె ఎడమ అంటున్నారు. బొమ్మ కనబడేవారికి ఆ మందారవనం ఎటువైపున ఉంటుంది?

వనపర్తి నుంచి:
ఎడమే. నాగలి కట్టిన ఇంట్లో పుట్టినవారికి ఇందులో సందేహం ఉండదు. ఎలపటెద్దు కుడిది, దాపటెద్దు ఎడమది. అయితే దున్నేవాడి ఎడమ ఏదో తెలుసు గాని, వైకుంఠంలో ఎవరి ఎడమ? సౌధానికి ఎదురుగా నిలిచినవాడిదా, సౌధంలోంచి బయటికి చూసేవాడిదా?

నల్లగొండ నుంచి:
అంతకంటే పెద్ద చిక్కు ‘నగరిలో నా మూల’లోని (నగరిలోన్ + ఆ మూల) ‘ఆ మూల’లో ఉంది. ఈ పద్యం మత్తేభం; అందులో పద్నాలుగో అక్షరం యతిస్థానం గనుక మొదటి ‘అ’కు అక్కడి ‘ఆ’ సరిపోయింది. కాని అది మూలనున్న సౌధమా, ప్రధానమైన మూలసౌధమా అన్నది యతి తేల్చదు. నేను మూలనే అంటాను. ‘ఆ’ అనడంలోనే వేలు చాచి చూపినట్టుంది.

పాలమూరు నుంచి:
ఛందశ్శాస్త్రం రాసిన కాకునూరి అప్పకవి మా జిల్లావాడేనని చెప్పుకుంటాం గనుక ఛందస్సులో మాకూ ఒక మాట ఉంది. మొదటి పాదం ‘దా’ దగ్గర తెగి, ‘పల’ రెండో పాదానికి ఎక్కింది. అల, పల, త్పల, హ్వల అని ప్రాస నడిచింది. దిక్కు కోసమే కాదు, ‘ల’కారం కోసం కూడా ఈ మాట వచ్చి ఉంటుంది.

అచ్చంపేట నుంచి:
అడిగింది ఒకటైతే మనం మాట్లాడుతున్నది మరొకటి. ఉదయం తిన్న బల్లను మనసులోకి తెచ్చుకొమ్మని ఇంగ్లండు శాస్త్రవేత్త ఫ్రాన్సిస్ గాల్టన్ అడిగితే, శాస్త్రవేత్తలైన మిత్రుల్లో చాలామంది తమకు అలాంటి బొమ్మలేవీ తెలియవన్నారని 1880లో ఆయనే రాశాడు. నాడీవైద్యుడు ఆడమ్ జీమన్ బృందం, మనసులో బొమ్మ కనబడని ఈ స్థితికి 2015లో అఫాంటేసియా అని పేరు పెట్టింది. గది ఫోటోలు చూపి, తరువాత జ్ఞాపకం మీద గీయమన్న 2021 నాటి పరిశీలనలో అఫాంటేసియా ఉన్నవారు వస్తువులు తక్కువ గీశారు గాని, గీసినవాటిని మిగతావారంత సరిగానే వాటి చోట్లలో పెట్టారు. పురం, నగరి, సౌధం, దాపల, వనం, సరస్సు, శిల, పాన్పు అంటూ ఈ పద్యం నడిపించేది దారే కదా! పోతనకు వైకుంఠం తోచక కలం ఆగితే రాముడే వచ్చి పూరించాడన్న ఐతిహ్యానికి కూడా, ఆయనకు బొమ్మ కనబడకపోవడమే కారణమేమోనని నా ఊహ.

నల్లగొండ నుంచి:
ఐతిహ్యాన్ని పట్టుకొని కవికి నాడి చూడటం సాహసమే, సార్. పైగా వెంటనే వచ్చే “సిరికిం జెప్పఁడు” పద్యం చూడండి. హరి చేయనివాటినే వరుసగా చెప్పి, అతని తొందరనంతా కట్టించాడు. లక్ష్మికి చెప్పకపోవడాన్ని, శంఖచక్రాలు పట్టకపోవడాన్ని కంటితో చూడటం ఎలా?

వనపర్తి నుంచి:
నాకైతే ఆ రెండు చేతులు ఖాళీగానే కనబడతాయి. సరే, ఎడమ ఎవరిదో ఎవరూ చెప్పలేదు.