ఎం.ఎస్.లో మూత్రం, మలబద్ధకం, దాంపత్యం: ఈ ఇబ్బందులను డాక్టరుకు ఎలా చెప్పాలి?

ప్రశ్న:
నాకు 36 ఏళ్లు. మల్టిపుల్ స్క్లెరోసిస్ (ఎం.ఎస్., అంటే మెదడు, వెన్నుపాములలో నరాల పైపొర దెబ్బతినే జబ్బు) అని తేలి నాలుగేళ్లయింది. నడక కొంత కుదుటపడింది గానీ, మూత్రం వస్తోందనిపించిన మరుక్షణమే ఆపుకోలేకపోతున్నాను. తీరా వెళ్తే ధార మొదలవడానికే చాలాసేపు పడుతోంది, పూర్తిగా అయినట్టూ ఉండదు. అందుకే ఆఫీసు రోజుల్లో సాయంత్రం దాకా నీళ్లు ముట్టడం లేదు. మలబద్ధకం పెరిగింది. కింది భాగంలో స్పర్శ తగ్గి దాంపత్యానికీ దూరమయ్యాను. ఇవన్నీ ఈ జబ్బువల్లేనా? న్యూరాలజిస్ట్ మగవారు కావడంతో నోరు పెగలడం లేదు.

జవాబు 1:
అమ్మా, ముందు నీళ్లు మానడం మానండి. పదకొండేళ్లుగా ఎం.ఎస్.తో ఉన్న నేనూ అదే పొరపాటు చేశాను. మూత్రం చిక్కబడితే మూత్రాశయం ఇంకా చిరచిరలాడుతుంది, మలం గట్టిపడుతుంది. ఒకసారి జ్వరం వచ్చి కాళ్లు బిగుసుకుపోతే జబ్బు తిరగబెట్టిందని హడలిపోయాం. మూత్ర పరీక్ష చేయిస్తే ఇన్‌ఫెక్షన్ అని తేలింది, అది తగ్గాక కాళ్లూ సర్దుకున్నాయి.

జవాబు 2 (యూరాలజీ విభాగంలో నర్సును):
మూత్రాశయానికీ, పెద్దపేగు చివరి భాగానికీ, జననాంగాలకూ వెళ్లే నరాలు వెన్నుపాము అడుగు భాగం నుంచే బయలుదేరుతాయి. మెదడుకూ ఆ భాగానికీ నడుమ నరాల పైపొర దెబ్బతింటే మూడు ఇబ్బందులూ కలిసి రావడం సహజం. మీరు చెప్పినదాన్ని బట్టి, మూత్రాశయం బిగుసుకునే వేళకు దాని ద్వారం తెరుచుకోవడం లేదేమో చూడాలి. మూత్రం పోసిన వెంటనే స్కాన్ తీస్తే లోపల ఎంత మిగిలిందో తెలుస్తుంది. ఆ కొలత చూడకుండా ఆపుకోలేనితనానికి మాత్రలు వాడవద్దు. వాటిలో కొన్ని మూత్రాన్ని ఇంకా నిలవ ఉంచుతాయి, మలబద్ధకాన్నీ పెంచుతాయి. నిలవ ఎక్కువగా ఉంటే రోజూ కొన్నిసార్లు కాథెటర్ అనే సన్నని గొట్టంతో మూత్రాన్ని స్వయంగా తీసుకోవడం నేర్పుతారు. వినడానికి భయమేసినా, నేర్చుకున్నవారిలో చాలామంది మళ్లీ ధైర్యంగా ప్రయాణాలు చేయడం నేను చూశాను. మలానికైతే, ఉదయం ఫలహారం చేసిన అరగంటలోపు కూర్చోవడం అలవాటు చేసుకోండి. తిన్నాక పేగు తనంతట తానే కదులుతుంది.

జవాబు 3:
నా భార్యకు ఎం.ఎస్. ఉంది. ఆమె దూరం జరుగుతుంటే నామీద ఇష్టం తగ్గిందనుకుని రెండేళ్లు లోలోపలే కుమిలిపోయాను. స్పర్శ తెలియడం లేదని ఆమె చెప్పిన రోజున నా బాధ సగం తీరింది. మీవారికి చెప్పేయండి, తల్లీ. అలసట తక్కువగా ఉండే ఉదయం వేళలు, ముందుగా మూత్రాశయం ఖాళీ చేసుకోవడం, నీటి ఆధారిత జెల్ మాకు ఉపకరించాయి. డాక్టరుకు నోటితో చెప్పలేకపోతే, మీరు ఇక్కడ రాసిన ప్రశ్ననే కాగితం మీద రాసి ఇవ్వండి.

ప్రశ్న అడిగినవారు:
ఈ ప్రశ్ననే తెల్లకాగితం మీద రాసుకున్నాను. ఈ రాత్రి ముందుగా మావారికి ఇస్తాను.