అప్‌డేట్: కొత్త పిస్టల్ జామ్ గొడవ చాలావరకు తీరింది

ఇక్కడ టెక్సస్‌లో కొన్న కొత్త 9 ఎంఎం పిస్టల్‌లో తూటా సగం ఎక్కి ఆగిపోతోందని, ఒక్కోసారి కాల్చాక మిగిలే ఖాళీ ఇత్తడి కేసు బయట పడకుండా స్లైడ్‌లో (పిస్టల్ పైన ముందుకీ వెనక్కీ కదిలే భాగం) నిటారుగా ఇరుక్కుంటోందని అడిగాను కదా. తూటాలు నింపే మ్యాగజైన్లకు నంబర్లు వేయమన్నారు, వేశాను. తూటా ఎక్కకపోవడం ఎప్పుడూ 2వ నంబరుతోనే. పక్కన ఇంకోటి పెట్టి చూస్తే దాని పై అంచు ఒకవైపు కాస్త బయటికి వంగి ఉంది. కంపెనీవాళ్లు మార్చిస్తామన్నారు.

ఖాళీ కేసు సంగతి వేరు. ఛాంబర్ (తూటా కూర్చునే గది) ఖాళీ అని రెండుసార్లు చూసుకుని విప్పితే, ఖాళీ కేసును బయటికి లాగే ఎక్స్‌ట్రాక్టర్ కొక్కెం కింద ఫ్యాక్టరీ గ్రీజూ ఇత్తడి పొడీ కలిసి నల్లగా గట్టిపడి ఉన్నాయి. నైలాన్ బ్రష్‌తో గీకి తీసి, స్లైడ్ రైల్స్‌కి చుక్క నూనె వేశాక బాగా తగ్గింది. ఇంకా అప్పుడప్పుడూ ఇరుక్కునేది 115 గ్రెయిన్ (తూటా బరువు కొలత) చవక రకంతోనే, కొంచెం గట్టిగా తన్నే 124 గ్రెయిన్‌తో అసలు లేదు. స్లైడ్‌ని తిరిగి ముందుకు తోసే కొత్త రికాయిల్ స్ప్రింగ్ బిగువుగా ఉంది, బలం తక్కువ తూటా స్లైడ్‌ని పూర్తిగా వెనక్కి నెట్టలేకపోతోంది, అంతే.

కాల్చేటప్పుడు నా మణికట్టు వదులుగా ఉండటం వల్లే ఇరుక్కుంటోంది అన్నవాళ్లకు: రేంజ్ ఇన్‌స్ట్రక్టర్ కాల్చినా అలాగే ఇరుక్కుంది, ఆ పాపం నాది కాదు! తూటా ఛాంబర్‌లోకి జారే ఫీడ్ ర్యాంప్‌ని గరుకు కాగితంతో రుద్దమన్న సలహా మాత్రం పక్కన పెట్టాను, వారంటీ ఉండగా ఆ పని ఎందుకు?