4కే డిస్క్ పెట్టినా టీవీలో 1080పీనే వస్తోంది, హెచ్‌డీఆర్ రావట్లేదు

ఉప్పల్_వీక్షకుడు:
నాలుగు గంటల నుంచి దీంతోనే కుస్తీ. ప్లేయర్ కొత్తది, టీవీ 4కే. పెట్టింది మామూలు బ్లూరే కాదు, నల్ల డబ్బాలో వచ్చే అల్ట్రా హెచ్‌డీ డిస్కే. ఇన్ఫో నొక్కితే 4కే కన్నా తక్కువైన 1080పీ అంటోంది. వెలుగునీడలు, రంగులు ఇంకా బాగా చూపించే హెచ్‌డీఆర్ కూడా లేదు. కేబుల్ మార్చా, ప్లేయర్ రీసెట్ చేశా, టీవీ అప్‌డేట్ చేశా. రేపు ప్లేయర్ వాపస్ ఇచ్చేయాలా?

కోఠి_వైరింగ్:
ప్లేయర్‌కీ టీవీకీ మధ్య ఏముంది?

డిస్క్_ప్రేమి:
భాయ్, వాపస్ మాత్రం ఇవ్వకండి. డీవీడీలో 8.5 జీబీ, బ్లూరేలో 50, ఇందులో 100 పడుతుంది. బిట్‌రేట్, అంటే సెకనుకు వచ్చే డేటా, 100 మెగాబిట్లు దాటొచ్చు, ఏ స్ట్రీమింగూ అంత ఇవ్వదు. 2008లో తోషిబా హెచ్‌డీ డీవీడీని ఆపేశాక బ్లూరేకి పోటీయే లేదు. అయినా మన దగ్గర చాలామంది డీవీడీ నుంచి సరాసరి ఫోన్‌కి మారిపోయారు. 2016లో 4కే డిస్కులు వచ్చేసరికి అడిగేవాళ్లే తక్కువ. మనమైనా కొనకపోతే ఎలా?

ఉప్పల్_వీక్షకుడు:
అదంతా సరే అన్నా, నా బొమ్మ సంగతి చెప్పండి. మధ్యలో స్పీకర్లు నడిపే హోమ్ థియేటర్ రిసీవర్ ఉంది, అందరికీ ఉండేదే కదా. 2012ది. దాని మీద కూడా 4కే అని రాసుంది.

కోఠి_వైరింగ్:
అడ్డు అదే. ఆ ఏడాది రిసీవర్లలో హెచ్‌డీసీపీ 2.2 లేదు, అంటే 4కే బొమ్మని కాపీ కొట్టకుండా కాపాడే తాళం. దారిలో ఒక్క పెట్టెకి అది లేకపోయినా ప్లేయర్ 4కే పంపదు, 1080పీకి దిగిపోతుంది. ప్లేయర్ వెనక రెండు హెచ్‌డీఎంఐలు ఉన్నాయేమో చూడండి. ఉంటే మెయిన్‌ది టీవీకి, రెండోది రిసీవర్‌కి పెట్టి, సెట్టింగ్స్‌లో రెండోదాన్ని ఆడియో మాత్రమే అని మార్చండి. మార్చకపోతే కొన్ని ప్లేయర్లు రెండింటినీ కిందికి దించేస్తాయి. మెనూ శబ్దాల్లాంటివి కలిపే సెకండరీ ఆడియో ఆఫ్ చేయండి, లేకపోతే డాల్బీ వాళ్ల మేలు రకం సౌండ్ ట్రూహెచ్‌డీ రాదు. ఒకటే పోర్టుంటే దాన్ని టీవీకి పెట్టి, రిసీవర్‌కి సౌండ్ కోసం ఆప్టికల్ కేబుల్ వేసుకోండి, మామూలు డాల్బీ 5.1 వరకే వస్తుంది.
టీవీలో ఆ పోర్టుకి సెట్టింగ్ కూడా మార్చాలి. సోనీలో ఎన్‌హాన్స్డ్ ఫార్మాట్, సామ్‌సంగ్‌లో ఇన్‌పుట్ సిగ్నల్ ప్లస్, ఎల్‌జీలో డీప్ కలర్. ఇది ఆఫ్‌లో ఉంటే 4కే వచ్చినా హెచ్‌డీఆర్ రాదు.

సికింద్రాబాద్_ఆడియో:
హెచ్‌డీఎంఐ 2.0 కేబుల్ కూడా కొనండి.

కోఠి_వైరింగ్:
2.0 అనేది పోర్టుకి, కేబుల్‌కి కాదు. కేబుల్ పేరు ప్రీమియం హైస్పీడ్, సెకనుకు 18 గిగాబిట్లు.

సికింద్రాబాద్_ఆడియో:
కోఠి గుజరాతీ గల్లీ షాపుల్లో ఆ పేరు చెప్తే ఎవరికి అర్థమవుతుంది? 2.0 అంటేనే ఇస్తారు.

కోఠి_వైరింగ్:
ఇస్తారు, 8కే అని అచ్చేసినవీ ఇస్తారు. ప్యాకెట్ మీద స్కాన్ చేసే స్టిక్కర్ ఉందా అని చూడాలి. 3 మీటర్లు దాటొద్దు. ఫాల్స్ సీలింగ్‌లోంచి 10 మీటర్లు లాగితే మామూలు రాగి కేబుల్‌లో బొమ్మ పోయి పోయి వస్తుంది.

డిస్క్_ప్రేమి:
రీజియన్ కూడా గుర్తుంచుకోండి, అంటే వేరే ప్రాంతపు ప్లేయర్‌లో డిస్క్ ఆడకుండా పెట్టే తాళం. 4కే డిస్కుకి ఆ తాళం లేదు. అదే డబ్బాలో వచ్చే మామూలు బ్లూరేకి ఉండొచ్చు. మన రీజియన్ సి, అమెరికాది ఎ.

ఉప్పల్_వీక్షకుడు:
రెండో పోర్టు ఉంది. 4కే, హెచ్‌డీఆర్ రెండూ వచ్చాయి. మాట మాత్రం పెదాల కన్నా కాస్త ముందొస్తోంది.

కోఠి_వైరింగ్:
రిసీవర్‌లో ఆడియో డిలే పెట్టండి, సౌండ్ కాస్త ఆలస్యంగా వస్తుంది. 40 మిల్లీసెకన్లతో మొదలెట్టి పెంచండి.

ఉప్పల్_వీక్షకుడు:
సరే, థ్యాంక్స్ అన్నా.