పాత పికప్: రేడియేటర్ మార్చాక ఎయిర్ పట్టింది, ఎంత తీసినా పోవట్లేదు

పాతపికప్:
నాలుగు సిలిండర్ల పెట్రోల్ ఇంజిన్, కార్బురేటర్ బండి. రేడియేటర్, థర్మోస్టాట్ (కూలెంట్ వేడెక్కాక రేడియేటర్‌కి దారి తెరిచే వాల్వ్), పై హోస్ మూడూ కొత్తవి. మాన్యువల్‌లో కూలెంట్ 8.5 లీటర్లు అని ఉంది, కానీ 6 లీటర్లకే రేడియేటర్ మెడ (క్యాప్ పెట్టే మూతి) దాకా నిండిపోయింది. క్యాప్ తీసి 20 నిమిషాలు ఐడిలింగ్‌లో పెట్టినా లెవెల్ దిగలేదు. ఈ ఇంజిన్‌కి గాలి బయటికి వదిలే బ్లీడ్ స్క్రూ లేదు.

ఇప్పుడు టెంపరేచర్ ముల్లు ముప్పావు దాకా ఎక్కి, ఉన్నట్టుండి సగానికి పడిపోతోంది. ఐడిలింగ్‌లో హీటర్ నుంచి చల్లగాలి వస్తోంది, రేస్ ఇస్తే గోరువెచ్చగా మారుతోంది. డాష్‌బోర్డు వెనక గలగల శబ్దం. థర్మోస్టాట్ పీకేస్తే సరిపోతుందా? లేక హెడ్ గ్యాస్కెట్ (సిలిండర్ బ్లాక్‌కీ దాని మీది హెడ్‌కీ మధ్య ఉండే సీలు) పోయిందా?

రెంచ్14:
ముందు ఆ 2.5 లీటర్ల లెక్క చూడండి. రేడియేటర్ కింది ప్లగ్ ఒక్కటే విప్పితే బ్లాక్‌లో ఉన్న పాత కూలెంట్ పూర్తిగా దిగదు. కాబట్టి తేడా అంతా గాలి కాదు. దించినప్పుడు కొలిచి ఉంటే ఆ అంకె చెప్పండి. 7.2 లీటర్లు దిగి 6 లోపలికి వెళ్తే, గాలి లీటరు పైచిలుకు. కొత్త రేడియేటర్ సైజు పాతదానికంటే తేడా ఉంటే ఈ లెక్క కొంచెం మారుతుంది.

ముల్లు ఆడటం ఎయిర్ లక్షణమే. థర్మోస్టాట్‌లో ఉండే వ్యాక్స్ కూలెంట్‌లో మునిగి ఉంటేనే టైముకి కరుగుతుంది. దాని చుట్టూ గాలి ఉంటే 82 డిగ్రీలకి తెరుచుకోవాల్సింది ఆలస్యంగా తెరుచుకుంటుంది, ఈలోగా హెడ్ వేడెక్కిపోతుంది. తెరుచుకోగానే రేడియేటర్‌లో ఉన్న చల్లటి కూలెంట్ లోపలికి వస్తుంది, ముల్లు దబ్బున పడుతుంది. ఐడిలింగ్‌లో పంపు తోసే బలం తక్కువ, అందుకే హీటర్ కోర్‌లో (డాష్‌బోర్డు వెనక వేడి కూలెంట్ తిరిగే చిన్న రేడియేటర్) ఉన్న గాలి కదలదు. రేస్ ఇస్తే కాస్త కదులుతుంది, మీకు వెచ్చగాలి వచ్చేది అప్పుడే.

ఎయిర్ తీసే పద్ధతి (ఇంజిన్ పూర్తిగా చల్లారాకే):

ముందు చక్రాలు ర్యాంపు మీదకి ఎక్కించి, వెనక చక్రాలకి చెక్కలు పెట్టండి. రేడియేటర్ మెడ మిగతా అన్నిటికంటే ఎత్తుగా ఉండాలి. హీటర్ మీటని ఫుల్ హాట్‌కి జరపండి. చాలా పాత బళ్లలో కోల్డ్‌లో ఉంటే హీటర్ వాల్వ్ మూసుకునే ఉంటుంది, అప్పుడు ఎంత సేపు నడిపినా కోర్‌లో గాలి అక్కడే ఉంటుంది.

తర్వాత అసలు పని. ఇంజిన్ వెనక గోడ దగ్గర హీటర్‌కి వెళ్లే రెండు హోసుల్లో ఎత్తుగా ఉన్నదాన్ని విప్పండి. హోస్ గట్టిగా పట్టేసి ఉంటే లాగొద్దు, మెలితిప్పి కదపండి. పాత కోర్ పైపులు ఇత్తడివి, లాగితే టంకం విడిపోతుంది. విప్పిన హోస్ చివర పైకెత్తి, చిన్న గరాటు పెట్టి 50:50 కూలెంట్ (సగం కూలెంట్, సగం నీళ్లు) సన్నటి ధారగా పోయండి. ముందు బుడగలు వస్తాయి, గుటగుటమంటుంది, తర్వాత కోర్ పైపు మూతి నుంచి బుడగల్లేకుండా కూలెంట్ కారుతుంది. అప్పుడు హోస్ తొడిగి క్లిప్ బిగించండి. ఆ తర్వాతే రేడియేటర్ నింపండి.

మెడకి బిగుసుకునే గరాటు ఉంటే అందులో లీటరు నిల్వ ఉంచి ఇంజిన్ స్టార్ట్ చేయండి. పై హోస్ వేడెక్కిందంటే థర్మోస్టాట్ తెరుచుకున్నట్టే. గ్లవ్స్ వేసుకుని ఫ్యాన్‌కి దూరంగా ఉండి ఆ హోస్‌ని నొక్కుతూ వదులుతూ ఉండండి. తర్వాత 2500 ఆర్‌పీఎం దగ్గర రెండు నిమిషాలు పట్టి ఉంచండి. ఐడిలింగ్‌లో కూడా హీటర్ వేడిగాలి ఇస్తే పని అయినట్టు.

జిగిల్‌పిన్:
పైన చెప్పింది కరెక్టే, ఒక్క 2500 తప్ప. క్యాప్ లేకుండా అంత రేస్ ఇస్తే మెడలో లెవెల్ దిగుతుంది, మీరు పోస్తారు. కాలు తీయగానే అదంతా పొంగి వేడి కూలెంట్ చేతి మీద పడుతుంది. 1500 చాలు. క్యాప్ పెట్టాల్సింది కూడా రేస్‌లో ఉండగా కాదు, ఐడిల్‌కి దిగి లెవెల్ నిలబడ్డాక.

కొత్త థర్మోస్టాట్ ఎలా పెట్టారో చూశారా? అంచు మీద చిన్న కన్నం, అందులో వదులుగా ఆడే పిన్ను ఉంటుంది. గాలి పైకి పోయే దారి అదే. థర్మోస్టాట్ కూర్చునే హౌసింగ్ నిలువుగా ఉంటే ఆ పిన్ను గడియారంలో 12 దగ్గర ఉండాలి. 6 దగ్గర ఉంటే గాలికి దారి ఉండదు. పిన్ను లేని రకం అయితే అంచులో 3 మి.మీ. కన్నం వేయొచ్చు. వేడెక్కడం కొద్దిగా ఆలస్యమవుతుంది, అంతే. స్ప్రింగ్ ఉన్న వైపు ఇంజిన్ లోపలికి ఉండాలి.

థర్మోస్టాట్ పీకేయొద్దు. ఇంజిన్ ఎప్పుడూ తగినంత వేడెక్కదు, పెట్రోల్ ఎక్కువ తాగుతుంది. బైపాస్ దారిని థర్మోస్టాట్ మూసే డిజైన్ అయితే ఇంకా ఘోరం: ఆ దారి తెరిచే ఉండిపోయి కొంత కూలెంట్ రేడియేటర్‌కి వెళ్లకుండానే తిరుగుతుంది, ఎత్తు ఎక్కేటప్పుడు ఓవర్‌హీట్ అవుతుంది.

పాతపికప్:
పిన్ను నిజంగానే 6 దగ్గరే ఉంది. తిప్పి, కొత్త గ్యాస్కెట్ వేసి, హీటర్ హోస్ నుంచి నింపాను. ఇంకో 1.2 లీటర్లు పట్టింది. ముల్లు కదలట్లేదు, హీటర్ వేడిగా ఉంది. కానీ మూడు రోజులు నడిపాక క్యాప్ తీస్తే రేడియేటర్‌లో దాదాపు 300 మి.లీ. తగ్గింది, రిజర్వ్ బాటిల్‌లో అంతే పెరిగింది. ఎక్కడా లీకు తడి లేదు. ఇప్పుడైనా గ్యాస్కెట్ అనుమానించాలా?

బాటమ్‌హోస్:
కూలెంట్ బాటిల్‌లోకి వెళ్తోంది, తిరిగి రావట్లేదు. దీనికి రెండే దారులు: చల్లారేటప్పుడు రేడియేటర్ వెనక్కి లాక్కోలేకపోతోంది, లేదా లోపలికి గ్యాస్ వచ్చి కూలెంట్‌ని తోసేస్తోంది. మొదటిది చవక, ముందు అదే చూడండి.

క్యాప్‌ని తిప్పి పట్టుకోండి. కింద స్ప్రింగ్ మీద ఉన్న రబ్బరు ప్రెజర్‌ని ఆపుతుంది. మధ్యలో ఉన్న చిన్న బిళ్ల వ్యాక్యూమ్ వాల్వ్, గోటితో లాగితే కదిలి మళ్లీ కూర్చోవాలి. మూత లోపలి వైపు ఇంకో రబ్బరు వాషర్ ఉంటుంది, అందరూ మర్చిపోయేది దీన్నే. అది చీలినా, అసలు లేకపోయినా, చల్లారేటప్పుడు బాటిల్ నుంచి కూలెంట్ బదులు మూత అంచు నుంచి గాలి లోపలికి వెళ్తుంది. చుక్క కూడా కారదు, రోజూ కొంచెం కొంచెం ఎయిర్ పడుతుంది. రిజర్వ్ బాటిల్ లేని బళ్ల క్యాపుల్లో ఈ పై రబ్బరు ఉండదు. అలాంటిది పెట్టినా ఇదే జరుగుతుంది. రేడియేటర్ కొత్తది కాబట్టి క్యాప్ లోతు మెడకి సరిపోయిందా అనేది కూడా చూడండి. బాటిల్‌కి వెళ్లే సన్న పైపుకి పగుళ్లు ఉండకూడదు, దాని చివర కూలెంట్‌లో మునిగి ఉండాలి.

అవన్నీ బాగుంటే గ్యాస్కెట్ టెస్టు. రాత్రంతా చల్లారిన ఇంజిన్‌ని క్యాప్ పెట్టి స్టార్ట్ చేయండి. పై హోస్ ఇంకా చల్లగా ఉండగానే, నిమిషంలోపు రాయిలా గట్టిపడితే అది వేడి వల్ల వచ్చిన ప్రెజర్ కాదు, సిలిండర్ నుంచి వచ్చిన గ్యాస్. బాటిల్‌లో ఆగకుండా బుడగలు వస్తే అనుమానం ఇంకా బలపడుతుంది. ఖాయం చేసుకోవడానికి బ్లాక్ టెస్టర్ వాడండి: మెడలో లెవెల్ 5 సెం.మీ. దించి, టెస్టర్‌లోని నీలం ద్రవం గుండా పై గాలిని లాగండి. పసుపుకి తిరిగితే గ్యాస్కెట్ గానీ హెడ్ గానీ పోయినట్టే. కూలెంట్ టెస్టర్‌లోకి వెళ్తే మాత్రం ఫలితం నమ్మొద్దు.

పాతపికప్:
క్యాప్ లోపలి పై రబ్బరు సగం దూరం చీలి ఉంది. పాత రేడియేటర్ క్యాపే వాడాను. ఉదయం చల్లటి ఇంజిన్ స్టార్ట్ చేసి చూశాను, రెండు నిమిషాలైనా హోస్ మెత్తగానే ఉంది. మాన్యువల్‌లో క్యాప్ 0.9 బార్ అని ఉంది. 1.1 పెట్టొచ్చా?

రెంచ్14:
వద్దు, 0.9 పెట్టండి. ఆ అదనపు ప్రెజర్ పాత హీటర్ కోర్ మీద పడుతుంది. కొత్త క్యాప్ పెట్టి, బాటిల్‌లో లెవెల్ రెండు గీతల మధ్య ఉంచి, మర్నాడు ఉదయం చల్లటి ఇంజిన్ మీద క్యాప్ తీసి చూడండి. కూలెంట్ మెడ అంచుదాకా ఉండాలి. బ్లాక్‌లో పాత కూలెంట్ ఎంతో కొంత మిగిలే ఉంటుంది కాబట్టి మిక్స్ ఎంత పలచగా ఉందో హైడ్రోమీటర్‌తో ఒకసారి చూసుకోండి.