రివర్స్ ప్రాక్సీ వెనుక క్లయింట్ ఐపీ చిరునామా తెలుసుకోవడం ఎలా?

ప్రశ్న:
మా అప్లికేషన్‌ను రివర్స్ ప్రాక్సీ (వినియోగదారుల అభ్యర్థనలను ముందుగా అందుకుని మా సర్వర్‌కు చేరవేసే మధ్యవర్తి సర్వర్) వెనుకకు మార్చినప్పటి నుంచి లాగిన్ లాగ్‌లో అందరికీ 10.0.0.5 అనే ఒకే చిరునామా నమోదవుతోంది. పీహెచ్‌పీలో రిమోట్ అడ్రస్ (సర్వర్‌కు నేరుగా కనెక్ట్ అయినవారి చిరునామా) విలువనే చదువుతున్నాను. అసలు చిరునామా ఎక్కడ దొరుకుతుందో దయచేసి చెప్పగలరా?

మొదటి జవాబు:
మీ సర్వర్‌తో టీసీపీ కనెక్షన్ నెలకొల్పింది ప్రాక్సీయే కనుక దాని చిరునామాయే కనిపిస్తుంది. ఎక్స్-ఫార్వర్డెడ్-ఫర్ హెడర్‌ను (అభ్యర్థన పంపిన క్లయింట్ చిరునామాను తెలిపే, అభ్యర్థనతో పాటు వచ్చే అదనపు సమాచారం) పంపేలా ప్రాక్సీని అమర్చి, ఆ జాబితాలో మొదటిదాన్ని తీసుకోండి.

రెండో జవాబు:
పై సలహాలో సగమే సరైనది. ఆ హెడర్‌ను క్లయింటే కల్పించి పంపవచ్చు. సాధారణ అమరికలో ప్రాక్సీ దాన్ని చెరపకుండా, తాను చూసిన చిరునామాను చివర చేరుస్తుంది. ఉదాహరణకు "198.51.100.7, 203.0.113.24" అని వచ్చి, మీ ముందు ఒకే ప్రాక్సీ ఉంటే, నమ్మదగినది కుడివైపుది మాత్రమే. ప్రాక్సీలు ఎక్కువైతే కుడి నుంచి మొదలుపెట్టి, మీ సొంత ప్రాక్సీల చిరునామాలను దాటుకుంటూ వచ్చి, వాటిలో లేని మొదటి చిరునామా దగ్గర ఆగాలి. అసలు ఆ అభ్యర్థన మీ ప్రాక్సీ నుంచే వచ్చిందని రిమోట్ అడ్రస్‌తో నిర్ధారించుకోకుండా హెడర్ జోలికే వెళ్లకూడదు. ఇదే పని కోసం 2014లో ప్రామాణీకరించిన ఫార్వర్డెడ్ హెడర్‌కూ ఇదే జాగ్రత్త వర్తిస్తుంది.

ప్రశ్న అడిగినవారు:
కుడి నుంచి చదివితే సరిపోయింది, కృతజ్ఞతలు. అయితే కొన్ని చిరునామాలు "2001:db8:85a3:8" వరకే వచ్చి తెగిపోతున్నాయి.

రెండో జవాబు ఇచ్చినవారు:
మీ పట్టికలో ఆ కాలమ్ 15 అక్షరాలకే పరిమితమై ఉంటుంది. అది 10.0.0.5 లాంటి ఐపీవీ4 చిరునామాలకు సరిపోతుంది కానీ వాటికన్నా పొడవైన ఐపీవీ6 చిరునామాలకు చాలదు, 45కు పెంచండి.